ఇన్‌కమ్ టాక్స్ నుంచి అని రెండు ఫోన్లు, రెండూ దొంగ కాల్సే అనుకున్నా, తీరా చూస్తే పోర్టల్‌లో 61 వేలు బాకీ ఉంది

పన్నునొప్పి_హైద్

అన్నలూ అక్కలూ కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేస్కుని చదవండి, రెండ్రోజుల నుంచి నిద్ర లేదు.

మంగళవారం పొద్దున పదకొండింటికి ఆఫీసు కాల్‌లో ఉండగా 0821తో మొదలయ్యే నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఒకావిడ, మాట్లాడేది ఇంగ్లీషే కానీ కన్నడ యాస, ఇన్‌కమ్ టాక్స్ డిపార్ట్‌మెంట్, మైసూరు డిమాండ్ ఫెసిలిటేషన్ సెంటర్ నుంచి మాట్లాడుతున్నా అంది. నా పేరు చెప్పి మీరేనా అని అడిగి, 2020-21 అసెస్‌మెంట్ ఇయర్‌కి (అంటే 2019-20లో వచ్చిన జీతానికి) మీ మీద డిమాండ్, అంటే పన్ను బాకీ, పెండింగ్ ఉంది, పోర్టల్‌లో రెస్పాన్స్ ఇవ్వండి సార్ అంది. నేను "మీలాంటోళ్ళని రోజుకి పదిమందిని చూస్తున్నా, వేరే పని ఏదన్నా చూస్కోండి" అని గట్టిగానే అరిచి పెట్టేశా. ల్యాప్‌టాప్‌లో మ్యూట్ పెట్టుకోలేదని తర్వాత తెలిసింది, అది వేరే కథ.

గురువారం సాయంత్రం వాట్సాప్ వీడియో కాల్. టై కట్టుకున్నాయన, వెనక గోడకి నాలుగు సింహాల బొమ్మ, టేబుల్ మీద జెండా. నా పాన్ నంబర్ ఒక్క అక్షరం తప్పు లేకుండా చదివాడు. 1,84,000 ఎగ్గొట్టారు, వారంట్ రెడీగా ఉంది, ఆరు లోపు 60 వేలు సెటిల్‌మెంట్ కింద పంపితే ఫైల్ ఆపిస్తా, కాల్ కట్ చేస్తే అదో కేసు అవుతుంది అన్నాడు. ఏదో యూపీఐ ఐడీ కూడా పంపాడు. చెప్పుకోడానికి సిగ్గే కానీ యాప్ ఓపెన్ చేసి అమౌంట్ కూడా కొట్టేశా, మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఫోన్ లాక్కుని కట్ చేసింది, లేకపోతే పంపేసేవాణ్ణే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రాత్రి పోర్టల్‌లో లాగిన్ అయితే డిమాండ్ నిజంగానే ఉంది!! 61,340, డేటు 2021 నవంబర్, పక్కన వడ్డీ వేరే కాలమ్‌లో పెరుగుతూ కూర్చుంది. అప్పుడు మాదాపూర్‌లో ఒక స్టార్టప్‌లో చేసేవాణ్ణి, 2020లో మూతపడింది. ప్రతి నెలా జీతంలో టీడీఎస్ (కంపెనీ ముందే పట్టుకునే పన్ను) కోశారు, పే స్లిప్పులు ఉన్నాయి, కానీ 26ఏఎస్‌లో (మన పేరు మీద జమైన పన్ను చూపించే స్టేట్‌మెంట్) చివరి నాలుగు నెలలది అసలు కనపడట్లేదు.

నా డౌట్లు: ఫోన్ చేసినోళ్ళలో ఎవరు నిజం ఎవరు దొంగ? బాకీ నిజమే కదా మరి ఆ టై ఆయన కూడా నిజమేనా? ఆవిడ మళ్ళీ చేస్తే ఏం మాట్లాడాలి? అసలు ఆల్రెడీ నా జీతంలో కోసేసిన డబ్బు మళ్ళీ నేనే కట్టాలా?

శీను_సూర్యాపేట

బ్లాక్ చెయ్ అన్నా రెండు నంబర్లూ. ఇన్‌కమ్ టాక్సోళ్ళు ఫోన్లు చెయ్యరు, ఏదన్నా ఉంటే నోటీసే పంపుతరు. మా బావమర్దికి గిట్లనే ఫోన్ చేసి 35 వేలు గుంజిండ్రు.

ఆడిట్_అక్క_బెజవాడ

శీను గారూ, "డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఫోన్ చెయ్యరు" అనేది అందరూ చెప్పే మాటే కానీ కరెక్ట్ కాదండి. నేను సీఏని కాదు, విజయవాడలో ఒక ఆడిటర్ గారి దగ్గర పదకొండేళ్ళ నుంచి రిటర్న్‌లు, నోటీసుల పని చూస్తున్నా. మైసూరులో డిమాండ్ ఫెసిలిటేషన్ సెంటర్ అని నిజంగానే ఉంది, పాత డిమాండ్లు పెండింగ్ ఉన్నవాళ్ళకి మెయిల్సు పెడతారు, ఫోన్లు కూడా చేస్తారు. మా క్లయింట్లకి వస్తూనే ఉంటాయి, సగం మంది మీలాగే తిట్టి పెట్టేసి తర్వాత మాకు ఫోన్ చేసి "మేడమ్ ఏదో ఫ్రాడ్ కాల్" అంటారు, చూస్తే డిమాండ్ ఉంటుంది.

ఎలా తేడా పట్టాలంటే, మీరు ఆవిడ చెప్పింది, ఆయన చెప్పింది పక్కపక్కన రాసుకుని చూడండి. ఆవిడ ఫలానా ఇయర్ అంది, పోర్టల్‌కి వెళ్ళి రెస్పాన్స్ ఇవ్వమంది, అంతే. డబ్బు తనకి పంపమనలేదు, ఓటీపీ అడగలేదు, టైము పెట్టలేదు. ఆయన పోర్టల్ ఊసే ఎత్తలేదు, ఎత్తితే మీరు లాగిన్ అయి 1,84,000 అక్కడ లేదని చూస్తారు కదా. 0821 కనపడింది కాబట్టి నిజం అని కూడా అనుకోకండి, స్క్రీన్ మీద ఏ నంబరైనా పడేలా చేసే కిటుకులు ఉన్నాయి. పాన్ చదివాడంటారా, మన పాన్ జిరాక్సు తీసుకోని చోటు ఏదైనా ఉందా అసలు, సిమ్ కార్డు దగ్గర్నుంచి అద్దె ఇంటి అగ్రిమెంట్ దాకా ఇచ్చేస్తాం.

బాకీ నిజం, దాని పేరు చెప్పి ఫోన్ చేసినోడు దొంగ, ఈ రెండూ ఒకేసారి జరగొచ్చండి. ఇక్కడే చాలామంది దొరికిపోతున్నారు.

అరెస్ట్ సంగతి కూడా చెప్తా. పన్ను కట్టనోణ్ణి అరెస్ట్ చేసే అధికారం చట్టంలో అస్సలు లేదని కొందరు రాస్తుంటారు, అది తప్పు. టాక్స్ రికవరీ ఆఫీసర్ అని ఉంటాడు, రెండో షెడ్యూల్ కింద ఆయనకి ఆ దారి ఉంది, కానీ దానికి ముందు సర్టిఫికెట్, నోటీసు, మీ వాదన వినడం అని బోలెడు మెట్లు ఉన్నాయి. వాట్సాప్‌లో ఆరింటికల్లా అనేది మాత్రం ఏ చట్టంలోనూ లేదు. ఆ నంబరూ యూపీఐ ఐడీ పట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి, డబ్బు పోలేదని ఊరుకోవద్దు, రేపు ఇంకొకళ్ళది పోతుంది.

ఇంకోటి, 2019 అక్టోబర్ 1 నుంచి డిపార్ట్‌మెంట్ ఇచ్చే నోటీసు, ఆర్డరు, లెటర్ అన్నిటి మీదా డిన్ అని ఒక నంబర్ ఉండాలి. పోర్టల్ మొదటి పేజీలోనే నోటీసు అసలుదో కాదో చూసుకునే లింకు ఉంది, లాగిన్ కూడా అక్కర్లేదు. ఎవడైనా వాట్సాప్‌లో నోటీసు పీడీఎఫ్ పంపితే ముందు ఆ నంబర్ కొట్టి చూడండి.

పన్నునొప్పి_హైద్

అక్కా దండాలు. అయితే నేను తిట్టింది నిజం ఆవిడని అన్నమాట 🙈 మళ్ళీ చేస్తే ఏం అనాలి? కట్టేస్తా అనెయ్యాలా? 61 వేలే కదా పీడ వదులుతుంది అని మా నాన్న అంటున్నారు.

ఆడిట్_అక్క_బెజవాడ

అయ్యో ఆగండాగండి. మీ నాన్నగారు అన్నట్టు కట్టేస్తే పీడ వదుల్తుంది నిజమే కానీ అది మీరు రెండోసారి కట్టడం.

ఫోన్ వస్తే కంగారు పడకుండా ఒక కాయితం తీసుకోండి. పేరు, ఏ ఆఫీసు, ఏ ఇయరు, డిమాండ్ రిఫరెన్స్ నంబరు అడిగి రాసుకోండి, తేదీ టైమూ వేసుకోండి. "నోట్ చేసుకున్నానండి, పోర్టల్‌లో రాతపూర్వకంగా రిప్లై ఇస్తాను" అనండి, చాలు. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు వచ్చినవాళ్ళు ఉన్నారా అని అడగండి, తప్పేం లేదు. మీ కథంతా, కంపెనీ మూసేశారూ జీతాలు ఎగ్గొట్టారూ అని ఫోన్లో చెప్పుకున్నా ఆవిడ చేసేదేం ఉండదు, ఆవిడ పని గుర్తు చెయ్యడం వరకే. పాన్ వివరాలు మీరు చెప్పక్కర్లేదు, ఓటీపీ అసలే వద్దు, మన ఫోన్ వాళ్ళ చేతికిచ్చే ఎనీడెస్క్ లాంటి యాప్‌లు ఎక్కించుకోమంటే అక్కడే పెట్టెయ్యండి.

ఫోన్లో సరే అన్నంత మాత్రాన మిన్ను విరిగి మీద పడదు, పోర్టల్‌లో నొక్కేటప్పుడే జాగ్రత్త. రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్‌లో "డిమాండ్ కరెక్టే" అని ఒక ఆప్షన్, "ఒప్పుకోను, పూర్తిగా గానీ కొంత గానీ" అని ఒకటి ఉంటాయి. కరెక్టే అని ఒకసారి సబ్మిట్ చేశారా, తర్వాత కాదనడానికి లేదు, పోర్టలే ఆ మాట రాసి చూపిస్తుంది, మనం చదవం. పోయినేడు గుంటూరు నుంచి ఒక మాస్టారు, రిటైరయ్యారు, వాళ్ళబ్బాయి అమెరికా నుంచి లాగిన్ అయి ఏదో ఒకటి నొక్కేస్తే పోలా అని కరెక్టే అని నొక్కేశాడు. ఆయన ఆ పన్ను ఎప్పుడో కట్టేశారు, చలానాలో అసెస్‌మెంట్ ఇయర్ ఒకటి తప్పు పడింది, అంతే. ఆ ముడి విప్పడానికి మా ఆడిటర్ గారికి ఎనిమిది నెలలు పట్టింది.

పన్ను_కట్టిన_ప్రసాద్

అచ్చం నా కేసే ఇది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. నాది 2017-18లో, పేరు వద్దులే, అది కూడా మూతపడ్డ కంపెనీయే, 88 వేలు కోశారు, గవర్నమెంట్‌కి జమ చేసింది సున్నా.

1961 ఇన్‌కమ్ టాక్స్ చట్టం సెక్షన్ 205 చూడు, జీతంలో టీడీఎస్ కోసేశాక ఆ మేరకు పన్ను మళ్ళీ ఉద్యోగిని అడక్కూడదు అని ఉంది. కోసి దాచుకుంది కంపెనీ, తేల్చుకోవాల్సింది వాళ్ళతో. సీబీడీటీ (ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళ పై బోర్డు) కూడా 2015 జూన్ 1న ఆఫీసర్లకి లెటర్ పంపింది, ఇలాంటి కేసుల్లో ఉద్యోగి మీద బలవంతపు రికవరీ చెయ్యొద్దని, 2016 మార్చిలో మళ్ళీ ఇంకోసారి గుర్తు చేసింది. రెండుసార్లు చెప్పారంటే మొదటిసారి ఎంతమంది విన్నారో నువ్వే ఆలోచించుకో.

చిక్కెక్కడంటే రిటర్న్‌లు ప్రాసెస్ చేసే బెంగళూరు సీపీసీ అనేది మిషన్ లాంటిది, 26ఏఎస్‌లో ఉంటే క్రెడిట్ ఇస్తది లేకపోతే ఇవ్వదు. నేను రెక్టిఫికేషన్ (తప్పు సరిదిద్దమని అర్జీ) మూడుసార్లు పెట్టా, మూడుసార్లూ అదే డిమాండ్ మళ్ళీ తిరిగొచ్చింది, దానికి తోడు వడ్డీ పెంచి. అప్పుడు ఎవరో చెప్తే జ్యూరిస్డిక్షనల్ ఏవో (అంటే మన ఫైల్ చూసే అసెసింగ్ ఆఫీసర్) దగ్గరికి పోయా. పోర్టల్‌లో నీ పాన్ కొడితే నీ ఏవో ఎవరో చూపిస్తది. నాకు హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో ఐటీ టవర్స్. లెటర్ రెండు కాపీలు, ఆ నెలల పే స్లిప్పులు, జీతం పడ్డ బ్యాంక్ స్టేట్‌మెంటు (నెట్ శాలరీ అంతే పడిందని హైలైటర్‌తో గీసి), ఆఫర్ లెటర్, కంపెనీకి టీడీఎస్ ఎందుకు కట్టలేదని నేను పెట్టిన మెయిల్సు, అన్నీ స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చా, రెండో కాపీ మీద స్టాంపు కొట్టించుకుని తెచ్చుకున్నా. ఆ స్టాంపు కాపీ నాకు పెళ్ళి ఫోటోల కన్నా భద్రం 😀

ఇంకో మాట నాకెవరూ చెప్పలేదు. డిమాండ్ ఊరికే అక్కడ కూర్చోదు, తర్వాతి ఏళ్ళ రీఫండ్లని సెక్షన్ 245 కింద మింగేస్తది. ముందు ఒక మెయిల్ వస్తది, 21 రోజుల్లో అభ్యంతరం చెప్పమని, మనం స్పామ్ అనుకుంటాం, వాళ్ళు సర్దేసుకుంటారు. 2023లో ఢిల్లీ హైకోర్టు, టీడీఎస్ కోసేసిన కేసులో రీఫండ్ సర్దుకోవడం కూడా దొడ్డిదారి రికవరీయే, కుదరదు అంది. ఆ జడ్జిమెంట్ కాపీ కూడా నా లెటర్‌కి పెట్టా.

పన్నునొప్పి_హైద్

ప్రసాదన్నా ఆగు, 2023లో నాకు 9,200 రీఫండ్ రావాలి, రాలేదు, ఏదో బ్యాంక్ వాలిడేషన్ గోల అనుకుని వదిలేశా. ఇప్పుడే మెయిల్‌లో వెతికితే 245 అని ఉంది, ప్రమోషన్స్ ట్యాబ్‌లో పిజ్జా కూపన్‌కీ ఇంకో పిజ్జా కూపన్‌కీ మధ్యలో.

ఆడిట్_అక్క_బెజవాడ

😀 అందరిదీ అదే కథండి. ముందు పోర్టల్ ప్రొఫైల్‌లో మెయిలూ ఫోన్ నంబరూ మీవేనా చూసుకోండి, చాలామందికి రిటర్న్ వేసిన ఏజెంటు మెయిలే ఉండిపోతుంది.

మీ ఇంటిమేషన్ 143(1) (రిటర్న్ చూసి డిమాండ్ వేసిన లెటర్) తేదీ 2021 నవంబర్ కాబట్టి రెక్టిఫికేషన్‌కి గడువు 2026 మార్చి 31, ఆ ఆర్థిక సంవత్సరం అయిపోయినాక నాలుగేళ్ళు లెక్క. అప్పీలుకి 30 రోజులే, అది ఎప్పుడో దాటిపోయింది, ఆలస్యం ఎందుకైందో చెప్పి వేసుకోవచ్చు కానీ మీకు ముందు ఏవో దారే మంచిది. వడ్డీ సెక్షన్ 220(2), నెలకి ఒక శాతం, అంటే మీకు నెలకి 613 రూపాయలు, మీరు పడుకున్నా పెరుగుతుంది. అందుకని రెస్పాన్స్ ఈ వారమే పెట్టెయ్యండి, ఒప్పుకోను అని, టీడీఎస్ మిస్‌మ్యాచ్ అని, పే స్లిప్పులు జతచేసి.

ఇది చదివేవాళ్ళలో నిజంగానే బాకీ ఉండి కట్టదల్చుకున్నవాళ్ళు ఉంటే, ఈ-పే టాక్స్‌లో డిమాండ్ రిఫరెన్స్ నంబరుతో రెగ్యులర్ అసెస్‌మెంట్ 400 హెడ్ కింద కట్టండి. అలవాటు కొద్దీ 300 సెల్ఫ్ అసెస్‌మెంట్ కింద కడితే డబ్బు ఒకచోట డిమాండ్ ఒకచోట ఉంటాయి, మళ్ళీ ఫోన్లు మొదలు.

డల్లాస్_బావ

ఇక్కడ అమెరికా సంగతి కొంచెం వేరు, మన పిల్లలు చాలామంది ఇటు ఉన్నారు కాబట్టి రాస్తున్నా, టాపిక్ పక్కకి పోతే సారీ.

నేనొచ్చిన కొత్తలో ఐఆర్ఎస్ (ఇక్కడి ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు) నుంచి అని రోజూ రికార్డెడ్ కాల్స్, షెరీఫ్ వస్తాడు, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చదువు అని. తీరా 2016 అక్టోబర్‌లో ముంబై పక్కన మీరా రోడ్‌లో ఠాణే పోలీసులు కాల్ సెంటర్ల మీద రైడ్ చేస్తే, అక్కడ కూర్చుని అమెరికా వాళ్ళకి ఫోన్ చేస్తోంది మనోళ్ళే. మా ఆఫీసులో తెల్లాయన నాకేసి చూసి నవ్వాడు, నాకైతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలా.

ఐఆర్ఎస్ బాకీ ఉంటే మొట్టమొదట పోస్టులో లెటరే పంపుద్ది. ప్రైవేటు కలెక్షన్ ఏజెన్సీలకి కొన్ని బాకీలు అప్పచెప్తారు, వాళ్ళు ఫోన్లు చేస్తారు నిజమే, కానీ అప్పజెప్పామని ముందు సీపీ40 అని లెటర్ వస్తది. లెటర్ రాకుండా ఫోన్ వస్తే ఇక ఆలోచించేదేం లేదు.

నాకు సీపీ2000 అనే లెటర్ వచ్చింది ఒకసారి. కంపెనీ షేర్లు అమ్మాను, రిటర్న్‌లో చూపించడం మర్చిపోయా, వాళ్ళు నేను కొన్న ధర సున్నా అనుకుని అమ్మిన మొత్తం మీదా పన్ను వేశారు. అది బిల్లు కాదు ప్రతిపాదనే, 30 రోజుల్లో జవాబివ్వాలి, నేను ఇండియాలో చెల్లి పెళ్ళిలో ఉండి పోస్టు చూసేసరికి 26 రోజులైపోయాయి. లెటర్ మీద ఉన్న నంబర్‌కి నేనే చేశా, గూగుల్లో వెతికి కాదు. ఒక గంటా పది నిమిషాలు ఆ మ్యూజిక్ వింటూ గిన్నెలన్నీ తోమేశా. ఎత్తినావిడ ముందు తన పేరూ ఐడీ నంబరూ చెప్పింది, తర్వాత నా సోషల్ సెక్యూరిటీ నంబరు, పుట్టిన తేదీ, పాత రిటర్న్‌లోవి రెండు మూడు అడిగింది. అక్కడ చెప్పొచ్చు, ఫోన్ చేసింది మనం కదా. ఇంకో 30 రోజులు టైమ్ కావాలి అన్నా, ఇచ్చేసింది, వాదించలేదు. తర్వాత షేర్ల అమ్మకాలు చూపించే 8949 ఫారం, బ్రోకర్ స్టేట్‌మెంట్ పంపితే 11 వేల డాలర్లు కాస్తా 640 అయింది. కోపంగా మాట్లాడదామని ప్రిపేరయ్యా, ఆవిడ "హౌ వజ్ ద వెడ్డింగ్" అనేసరికి అంతా మర్చిపోయా.

శీను_సూర్యాపేట

సరే అక్కా ఒప్పుకుంటున్న, ఫోన్లు చేస్తరు అన్నట్టు. మా బావమర్దిది గూడ ఇయ్యాల లాగిన్ చేయించి చూసినం, ఆయనకి బాకీ ఏం లేదు. వాడు ఉత్తగనే కట్టిండు 35 వేలు. మూడు నెలలాయె, ఇప్పుడు 1930కి చేస్తే లాభముంటదా?

ఆడిట్_అక్క_బెజవాడ

చెయ్యండి శీను గారూ. మొదటి గంటల్లో అయితే ఆ అకౌంట్లు ఆపించే ఛాన్సు ఎక్కువ, ఇప్పుడు తక్కువే, అబద్ధం చెప్పను. అయినా కంప్లయింట్ ఉండాలి, బ్యాంకు వాళ్ళకి కూడా రాసివ్వండి.

పన్నునొప్పి_హైద్

అప్‌డేట్ ఇద్దామని వచ్చా. శనివారం కూర్చుని ఒప్పుకోను అని రెస్పాన్స్ పెట్టా. పే స్లిప్పులు పాత మెయిల్లో దొరికాయి, జనవరిది మాత్రం పాస్‌వర్డ్ పీడీఎఫ్, కంపెనీ ఇచ్చిన ఎంప్లాయీ నంబరే పాస్‌వర్డ్, అది గుర్తు రాక అరగంట కొట్టుకున్నా, చివరికి పాత ఐడీ కార్డు మా పాప బొమ్మల డబ్బాలో దొరికింది. సోమవారం ఏసీ గార్డ్స్ వెళ్ళి లెటర్ ఇచ్చి స్టాంపు వేయించుకున్నా, ప్రసాదన్నా నీ పుణ్యమే.

నిన్న మైసూరు ఆవిడే మళ్ళీ చేసింది, గొంతు గుర్తుపట్టా. కాయితం పెన్నూ పట్టుకుని మాట్లాడా. రెస్పాన్స్ ఇచ్చానండి అంటే చూసి "హా, కనపడుతోంది సార్" అంది. మొన్న అరిచినందుకు సారీ అన్నా. "పరవాగిల్లా సార్, ఆ రోజు మీరు పదకొండోవారు" అంది.

మాదాపూర్_మాజీ

అన్నా ఒక్కమాట, ఆ స్టార్టప్ మెట్రో పిల్లర్ పక్క బిల్డింగ్‌లో నాలుగో ఫ్లోరా, లిఫ్ట్ ఎప్పుడూ పనిచేసేది కాదు చూడు? పేరు రాయకు, ఔనా కాదా చెప్పు. నాకూ అదే ఇయర్‌కి 42 వేలు చూపిస్తోంది, నేను "తర్వాత చూద్దాం" అని మూడేళ్ళుగా చూస్తనే ఉన్నా.

పన్నునొప్పి_హైద్

ఔను తమ్మీ, ఆ లిఫ్టే. మెసేజ్ చేశా చూడు, నా లెటర్ పంపుతున్నా, పేరూ పానూ నెలలూ మార్చుకో. కరెక్టే అని మాత్రం నొక్కకు.